హాలెండు నుండి గుంటూరుకు: జె.ఎం.జె. సిస్టర్ల సేవాచరిత్ర

మన సంఘం కార్యదర్శిగారు ఉగాది సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు నేను కొంత సంకోచించినాను. నేను మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. టిక్కెట్ల లెక్కలు, పార్సెళ్ళ లెక్కలు తప్ప చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. అయినా ఒక సంగతి చాలాకాలంగా మనస్సులో మెదలుతూ ఉన్నది. దానిని నలుగురితో పంచుకోవటానికి పండుగ కంటె మంచి సమయం దొరకదనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నింతురు గాక.

కొంతకాలం క్రిందట నా సహోద్యోగి ఒకరికి సుస్తీ చేసి బెంగుళూరులో ఒక ఆసుపత్రిలో చేరితే చూడబోయినాను. అక్కడ వరండాలో మార్కాపురం వైపు నుండి వచ్చిన ఒక ముసలమ్మ చీటీ చేతబట్టుకొని, కనబడినవారినల్లా, "అయ్యా, ఈ గది ఎక్కడ?" అని అడుగుతున్నది. ఆమె తెలుగు ఎవరికీ అర్థం కాలేదు. వారి కన్నడం ఆమెకు అర్థం కాలేదు. ఇంతలో తెల్లని చీర కట్టుకొన్న ఒక కతోలిక సిస్టరు వచ్చి, "రా అమ్మా, నేను చూపిస్తాను" అని మన తెలుగులోనే పలికి చేయిపట్టుకొని తీసుకొనిపోయినారు. ముసలమ్మ ముఖం వెలిగిపోయింది. నేను తరువాత ఆ సిస్టరుగారిని కలిసి, "మీదేవూరమ్మా?" అని అడిగితే, "గుంటూరు దగ్గర. మాది జె.ఎం.జె. సభ" అన్నారు.

ఆ మాట వినగానే నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. నాయనమ్మకు ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు పురిటిలోనే పోయినారట. మూడవసారి మా తాతమ్మ భయపడి, ఇంట్లో పెద్దలు గొణుగుతున్నా వినక, బండి కట్టించుకొని గుంటూరులోని కన్యాస్త్రీల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ పుట్టిన బిడ్డే మా నాయనమ్మ. "ఆ ఆసుపత్రి లేకపోతే నేను లేను, మీ నాన్న లేడు, నువ్వూ లేవురా" అని ఆమె ఎన్నోసార్లు అనేది. చిన్నతనంలో ఆ మాటను పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ ఆసుపత్రి ఎట్లా పుట్టింది, దానిని పెట్టినవారు ఎక్కడివారు, ఎందుకు వచ్చినారు అని విచారించి తెలుసుకొన్నాను. ఆ చరిత్ర ఇది.

సభ పుట్టుక

హాలెండు దేశంలో 16వ శతాబ్దపు మతసంస్కరణ తరువాత ప్రొటెస్టెంటులు పాలకులైనారు. కతోలికులు చాలాకాలం బహిరంగంగా పూజలు కూడా చేసుకొనే వీలులేక ఇళ్ళలోను, గిడ్డంగులలోను రహస్యంగా ప్రార్థనలు జరుపుకొనేవారు. 18వ శతాబ్దపు చివర ఆ కట్టుబాట్లు సడలినవి. కాని అంతకాలం అణగి ఉన్న సమాజంలో బడులు లేవు, ముఖ్యంగా ఆడపిల్లలకు చదువు లేదు. ఆ లోటు చూచినవారిలో యేసుసభకు చెందిన మథియాస్ వోల్ఫ్ అనే గురువుగారు ఒకరు. ఆయన పుట్టినది లక్సెంబర్గు దేశంలో, పనిచేసినది హాలెండులో. అంటే ఆయన కూడా మనవలెనే పొరుగుదేశానికి వలసపోయినవాడే.

ఆయన 1822 జూలై 29వ తేదీన ఆమర్స్‌ఫోర్ట్ అనే పట్టణంలో కొద్దిమంది యువతులతో ఒక చిన్న సంఘాన్ని ప్రారంభించినారు. ఆడపిల్లలకు చదువు చెప్పటం దాని మొదటి పని. అదే క్రమంగా జీసస్ మేరీ జోసఫ్ సభ అయినది. మూడు పేర్ల మొదటి అక్షరాలను కలిపి లోకం జె.ఎం.జె. అంటుంది. యేసు, మరియ, జోజప్ప అనే ఆ పవిత్ర కుటుంబం పేరు పెట్టుకోవటంలో వారి ఉద్దేశం కూడా కనిపిస్తుంది. నజరేతులో ఒక వడ్రంగి ఇంట జరిగిన సాదాసీదా బ్రతుకువంటి బ్రతుకు బ్రతకాలని, బీదల మధ్య పేరు ప్రతిష్ఠలు కోరకుండా పనిచేయాలని వారి నియమం.

ఆ సభ హాలెండులో బడులు, అనాథ శరణాలయాలు నడుపుతూ పెరిగింది. 1898లో మొదటిసారి సముద్రం దాటి, నాడు డచ్చివారి పాలనలో ఉన్న తూర్పు ఇండియా దీవులకు, అంటే నేటి ఇండోనేషియాకు, సిస్టర్లను పంపింది. ఆరేండ్ల తరువాత, 1904లో, మన గుంటూరుకు పంపింది.

గుంటూరే ఎందుకు?

డచ్చి కన్యాస్త్రీలు ఇంగ్లీషువారి పాలనలో ఉన్న తెలుగుదేశానికి ఎట్లా వచ్చినారని ఎవరైనా అడగవచ్చు. అప్పటికి గుంటూరు, నెల్లూరు ప్రాంతాలు మతపరంగా మద్రాసు అగ్రమేత్రాసనం క్రింద ఉండేవి. ఆ ప్రాంతాలలో 1875 నుండి లండనులోని మిల్‌హిల్ మిషను సభ గురువులు పనిచేస్తున్నారు. ఆ గురువులలో చాలామంది హాలెండువారు. పల్లెలలో తిరుగుతున్న గురువులకు ఒక సంగతి త్వరలోనే తెలిసివచ్చింది. మగవాడైన మిషనరీ ఊరి రచ్చబండ దాకా వెళ్ళగలడు గాని ఇంటి గడప దాటి లోనికి పోలేడు. ఆడపిల్లలకు చదువు చెప్పాలన్నా, బాలింతను చూడాలన్నా ఆడవారే కావాలి. అందుచేత వారి స్వదేశంనుండి ఈ సిస్టర్లు వచ్చినారు.

వారు రావటం తమ మతవిశ్వాసంతో, మతప్రచారానికి సంబంధించిన ఒక పెద్ద ప్రయత్నంలో భాగంగానే వచ్చినారు. ఆ సంగతి దాచనక్కరలేదు, వారూ దాచలేదు. ఆ విషయమై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని వారు తెరచిన బడి గదిలోను, మందుల గదిలోను కూర్చున్నవారందరూ ఒకే మతంవారు కారు. జ్వరం వచ్చిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లి ఏ కులం, ఏ మతం అని చూడకుండా మందిచ్చినారన్నది గుంటూరు వృద్ధులు ఈనాటికీ చెప్పే మాట.

పురిటిగది దుఃఖం

ఆ రోజులలో మన స్త్రీల స్థితి ఎట్లా ఉండేదో నేటి పిల్లలకు చెప్పినా నమ్మరు. కాన్పు అంటే ఇంటి చీకటి గది, ఊరి మంత్రసాని, దేవుడి దయ. బిడ్డ అడ్డం తిరిగితే చేయగలిగింది లేదు. పట్టణంలో ప్రభుత్వ డాక్టరు ఉన్నా అతడు మగవాడు గనుక అతనిచేత చూపించటానికి ఇంటివారు ఒప్పుకొనేవారు కారు. ప్రాణం పోయినా సరే, మర్యాద పోరాదనేవారు.

నాటి మద్రాసు రాష్ట్రంలో వెల్లూరు ఆసుపత్రి కథ మనలో చాలామందికి తెలుసు. అమెరికా పడుచు ఐడా స్కడ్డర్ ఒక రాత్రి మూడు ఇళ్ళవారు వచ్చి కాన్పు చేయమని అడిగితే, తాను డాక్టరును కానని, తన తండ్రి డాక్టరని చెప్పింది. మగవాడు వద్దని ముగ్గురూ వెళ్ళిపోయినారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయినారు. ఆ దుఃఖంలోనుండే వెల్లూరు ఆసుపత్రి పుట్టింది. గుంటూరులో కూడా అట్టి ప్రయత్నం అప్పటికే ఆరంభమైంది. అమెరికా లూథరన్ మిషనుకు చెందిన డాక్టరు అన్నా కుగ్లర్ అనే ఆమె 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి కట్టించి, 1930లో చనిపోయేవరకు మనవారికి సేవచేసినారు. దేశం మొత్తంమీద స్త్రీలకు వైద్యం అందించటానికి 1885లో లేడీ డఫరిన్ నిధి ఏర్పడింది. కాని ఇంతటి దేశానికి ఆ కొద్దిమంది డాక్టరమ్మలు ఏమూలకు?

మరి జె.ఎం.జె. సిస్టర్లు వచ్చినారు గదా, వారిలో ఒకరు డాక్టరు చదివి కాన్పులు చేయవచ్చు గదా అని మనకు తోస్తుంది. ఇక్కడనే ఈ చరిత్రలో అసలు చిక్కు ఉన్నది.

అడ్డువచ్చిన నిబంధన

కతోలిక ధర్మశాస్త్రంలో ఒక పాత నియమం ఉండేది. మతగురువులుగాని, సన్యాసం స్వీకరించినవారుగాని ప్రత్యేక అనుమతి లేనిదే వైద్యవృత్తి, శస్త్రచికిత్స చేయరాదు. ఈ నియమం మధ్యయుగాల నుండి వచ్చింది. 1917లో ప్రచురితమైన ధర్మశాస్త్ర స్మృతిలో కూడా నిలిచింది. కన్యాస్త్రీలు రోగికి గంజి పోయవచ్చు, పుండు కడగవచ్చు, ప్రక్కన కూర్చుండి ప్రార్థించవచ్చు. కాని డాక్టరుగా వైద్యం చేయరాదు, మంత్రసాని పని చేయరాదు. బ్రహ్మచర్య వ్రతం పట్టినవారికి అది తగదని నాటి పెద్దల తలంపు. ప్రొటెస్టెంటు మిషన్ల స్త్రీలకు ఇట్టి అడ్డు లేదు. అందుచేతనే కుగ్లర్, స్కడ్డర్ వంటివారు ముందుగా రాగలిగినారు.

కాబట్టి గుంటూరు సిస్టర్ల పరిస్థితి ఊహించుకోండి. ఎదుట తల్లి చనిపోతున్నది. ఆమె మగ డాక్టరును రానివ్వదు. చేయిచాపితే అందేంత దూరంలో ఉన్న ఈ స్త్రీలకు చేయిచాపే అధికారం లేదు. ఒకవైపు మన ఆచారం, ఇంకొకవైపు వారి నియమం. ఈ రెండు గోడల నడుమ నలిగిపోయినది తల్లీబిడ్డలు.

ఈ గోడను మొదట తట్టిన స్త్రీ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు డాక్టరు. ఆమె 1837లో పుట్టినారు. స్వదేశంలో స్త్రీలకు వైద్యవిద్య దొరకని కాలం గనుక ఫ్రాన్సులోని మోన్‌పెలియే విశ్వవిద్యాలయంలో చదివి 1878లో పట్టం పొందినారు. అరువదేండ్లు దాటిన తరువాత కతోలిక మతంలో చేరి, భారతదేశపు స్త్రీల అవస్థ విని, నేడు పాకిస్తానులో ఉన్న రావల్పిండిలో స్త్రీలకు ఒక ఆసుపత్రి పెట్టించినారు. కన్యాస్త్రీలకు వైద్యం చేసే అనుమతి ఇమ్మని రోమునగరంలోని పెద్దలకు అనేక పర్యాయాలు విన్నవించుకొన్నారు. అనుమతి రాకముందే 1913లో కన్నుమూసినారు. కాని ఆమె జీవితాన్ని గురించి అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం సముద్రాలు దాటి ఆస్ట్రేలియాలో ఒక యువతి చేతిలో పడింది.

మేరీ గ్లౌరీ

ఆ యువతి పేరు మేరీ గ్లౌరీ. ఆమె 1887 జూన్ 23వ తేదీన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో పుట్టినారు. ఐర్లండు నుండి వలసవచ్చిన కుటుంబం. తొమ్మిదిమంది పిల్లలలో మూడవ ఆమె. బిడ్డలు చాలా, ఊరు చిన్నది. అయినా చదువులో చురుకు గనుక ప్రభుత్వ విద్యార్థివేతనం సంపాదించి మెల్‌బోర్న్ నగరానికి పోయి చదువుకొన్నారు. విచిత్రమేమంటే, ఆమె పుట్టిన 1887లోనే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం మొదటిసారిగా స్త్రీలను వైద్యవిద్యలో చేర్చుకొన్నది. ఆ తలుపు తెరచిన ఏడు పుట్టిన పిల్లే 1910లో ఆ తలుపు గుండా డాక్టరై బయటికి వచ్చింది.

కొంతకాలం న్యూజీలండులోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేసి, 1912లో మెల్‌బోర్న్‌కు తిరిగివచ్చి కాలిన్స్ వీధిలో వైద్యశాల పెట్టినారు. కాలిన్స్ వీధి అంటే ఆ నగరంలో పేరుమోసిన డాక్టర్లు ఉండే వీధి. కంటి వైద్యంలో మంచిపేరు వచ్చింది. 1916లో అక్కడి కతోలిక స్త్రీల సాంఘిక సంఘానికి మొదటి అధ్యక్షురాలైనారు. డబ్బుకు, గౌరవానికి లోటులేని జీవితం.

కాని దానికి ముందే, 1915 అక్టోబరులో, మెక్‌లారెన్‌ను గురించిన ఆ చిన్నపుస్తకం ఆమె చదివినారు. భారతదేశంలో డాక్టరు లేక తల్లులు, పసిబిడ్డలు చనిపోతున్నారని అందులో ఉన్నది. తన పని అక్కడ ఉన్నదని ఆమెకు ఆనాడే నిశ్చయమైంది. అయితే వెంటనే మూట కట్టుకొని బయలుదేరలేదు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. అవసరమైన విద్య ముందు పూర్తిగా నేర్వాలని, పురుళ్ళు, స్త్రీల రోగాలు, కంటి వైద్యం ముఖ్యాంశాలుగా మరల చదివి 1919లో ఎం.డి. పట్టం పుచ్చుకొన్నారు. సేవకు ఉత్సాహం ఒక్కటే చాలదు, సామర్థ్యం కూడా కావాలని ఆమె ఎరుగును.

1920 జనవరిలో మెల్‌బోర్న్ రేవులో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12వ తేదీన గుంటూరు చేరినారు. అప్పటికి వయస్సు 32 సంవత్సరాలు. ఇంచుమించు ఇప్పటి నా వయస్సే. మరల స్వదేశం చూడలేదు.

గుంటూరులో 37 ఏండ్లు

గుంటూరులో ఆమె జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు స్వీకరించినారు. డాక్టరుగా ఉంటూనే కన్యాస్త్రీగా ఉండటానికి రోమునుండి ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. 15వ బెనెడిక్టు పాపుగారు ఆ అనుమతి ప్రసాదించినారు. సన్యాసం స్వీకరించి వైద్యవృత్తి సాగించిన కతోలిక డాక్టర్లలో ఆమెనే మొదటివారుగా చెబుతారు. మెక్‌లారెన్ బ్రతికి ఉండగా తెరుచుకోని తలుపు ఈ విధంగా గుంటూరు కొరకు మొదట తెరుచుకొన్నదన్నమాట. ఇది మన ఊరికి ఎంత గొప్ప సంగతో మనలో ఎందరికి తెలుసు?

సిస్టర్లు అప్పటికి నడుపుతున్నది చిన్న మందుల గది. గ్లౌరీగారు వచ్చిన తరువాత అది పెరిగి పెరిగి సెయింట్ జోసఫ్ ఆసుపత్రి అయినది. చాలా ఏండ్లు ఆ ఆసుపత్రికి డాక్టరు ఆమె ఒక్కతే. వాకిట్లో రోగుల వరుస తెల్లవారకముందే మొదలయ్యేది. కండ్లు పోయినవారు, పాముకాటు, కలరా, మలేరియా, పురుళ్ళు, ఒకటేమిటి. ఆసుపత్రికి రాలేనివారికొరకు బండిమీద పల్లెలకు పోయేవారు.

గుంటూరు వేసవి ఎట్టిదో మనకు తెలుసు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటాము. దూరదేశంనుండి వచ్చినామె నిండా దుస్తులు ధరించి, విద్యుత్తు, విసనకర్ర లేని గదులలో పనిచేసినారు. ఆమె మన భాష నేర్చుకొన్నారు. మన దేశపు మూలికలను, సంప్రదాయ వైద్యాన్ని కూడా శ్రద్ధగా పరిశీలించి, బీదలకు చౌకగా అందే మందులను తయారుచేయటానికి ఉపయోగించినారు. పెద్ద చదువు చదివినామె మన నాటు మందును తీసిపారవేయకుండా, అందులో పనికివచ్చేది ఏమిటి అని విచారించటం చిన్న విషయం కాదు.

చేతులు పెంచిన పని

ఇన్ని సంగతులలో అన్నిటికంటె గొప్పది ఏది అని నన్నడిగితే, ఆమె స్వయంగా చేసిన వైద్యం అని చెప్పను. తన తరువాత ఆ పని ఆగకుండా చేసినారే, అది గొప్ప అని చెబుతాను.

ఒక్క డాక్టరు ఎంత శ్రమించినా రోజుకు ఎంతమందిని చూడగలదు? ఈ లెక్క ఆమెకు త్వరలోనే తెలిసింది. రైల్వేలో మాకూ ఈ లెక్క తెలుసు. కౌంటరులో గుమాస్తా ఎంత చురుకైనవాడైనా ఒక్కడే ఉంటే వరుస తరగదు. రెండవ కిటికీ తెరవవలసిందే. అందుచేత ఆమె ఇక్కడి స్త్రీలను చేరదీసి నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపే కాంపౌండర్లుగా తరిఫీదు ఇచ్చినారు. వారిలో సిస్టర్లు ఉన్నారు, మామూలు ఇళ్ళ ఆడపిల్లలూ ఉన్నారు. వితంతువులకు, పెండ్లికాని బీదపిల్లలకు ఇంటిపనికి పోవటం తప్ప వేరే బ్రతుకుతెరువు లేని కాలంలో చేతికి ఒక వృత్తి వచ్చింది. కుటుంబంలో ఆడది తన సంపాదనతో తలయెత్తుకొని నిలబడటం ఎంత మార్పు తెస్తుందో మన అందరికీ అనుభవమే.

మా నాయనమ్మ చెప్పినదాని ప్రకారం ఆమె పుట్టినప్పుడు మా తాతమ్మ ప్రక్కన రాత్రంతా కూర్చున్నది తెల్లదొరసాని కాదు. నల్లపాడు వైపు పిల్ల, తెలుగు నర్సు. తాతమ్మ దొరసానిని చూచి బెదిరిపోతే, "భయం లేదు పిన్నీ, నేనున్నాగా" అని ధైర్యం చెప్పింది ఆ పిల్లేనట. దొరసాని తెచ్చిన విద్య, మన పిల్ల చేయి, మన పిల్ల నోటి మాట. మూడూ కలిస్తేనే మా వంశం నిలిచింది.

గోడ కూలిన సంవత్సరం

1925లో అన్నా డెంగెల్ అనే ఆస్ట్రియా డాక్టరు వైద్యసేవకే ప్రత్యేకించి ఒక స్త్రీల సంఘాన్ని అమెరికాలో స్థాపించినారు. ఆమెకు కూడా మెక్‌లారెన్‌గారే ప్రేరణ. ఆ సంఘంవారు మొదట పూర్తి సన్యాస దీక్ష పుచ్చుకోలేకపోయినారు, ఆ పాత నియమమే అడ్డు. చివరకు 1936 ఫిబ్రవరి 11న రోమునుండి ఒక ఉత్తరువు వెలువడింది. మిషను దేశాలలో కన్యాస్త్రీలు వైద్యం, పురుళ్ళ పని నేర్చి చేయవచ్చునని, చేయవలెనని అందులో ఉన్నది. ఎన్నో శతాబ్దాల గోడ కూలింది. గుంటూరులో మాత్రం అంతకు పదునైదేండ్లు ముందునుండే ఆ పని జరుగుతున్నది.

దీనిలో ఒక నీతి ఉన్నది. నియమాలు మంచికే పుడతాయి. కాని అవి మనిషి ప్రాణానికి అడ్డు వచ్చినప్పుడు వాటిని మార్చమని పెద్దలను అడిగే ధైర్యం కావాలి, మారేవరకు ఓర్పు కూడా కావాలి. మెక్‌లారెన్ అడిగినారు, గ్లౌరీ చేసి చూపించినారు, డెంగెల్ సంఘం కట్టినారు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ గోడ ఇంకా ఎంతకాలం నిలిచేదో.

గుంటూరు నుండి బెంగుళూరుకు

ఇక మన బెంగుళూరు తెలుగువారికి దగ్గర సంగతి. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం నుండి 1940లో గుంటూరు వేరుపడింది. దాని మొదటి మేత్రానులు తెలుగువారైన తామస్ పోతకమూరిగారు. వారే 1942లో బెంగుళూరుకు మేత్రానులై వచ్చి, 1953లో ఇక్కడి మొదటి అగ్రమేత్రానులై, 1968 వరకు ఈ నగరంలో పనిచేసినారు. కన్నడ, తమిళ, తెలుగు, కొంకణి, ఇంగ్లీషు మాట్లాడే జనం కలిసి ఉన్న ఈ నగరంలో ఒక తెలుగు బిడ్డ అంతటి బాధ్యత వహించటం మనకు సంతోషదాయకం.

1943లో, రెండవ ప్రపంచయుద్ధం సాగుతూ మందులు దొరకని రోజులలో, గ్లౌరీగారు పదహారుమంది సిస్టర్లను కూర్చి భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించినారు. తొలి అధ్యక్షురాలు ఆమెయే. ఒక్కొక్క ఊరిలో ఒంటరిగా కష్టపడుతున్న చిన్నచిన్న ఆసుపత్రులు ఒకదానికొకటి తోడు కావాలని దాని ఉద్దేశం. పదహారుమందితో మొదలైన ఆ సంఘంలో ఇప్పుడు మూడువేలకు పైగా ఆసుపత్రులు, వైద్యశాలలు, సేవాసంస్థలు సభ్యులుగా ఉన్నవి. దాని ప్రధాన కార్యాలయం దరిమిలా ఢిల్లీ నుండి సికింద్రాబాదుకు మారింది.

ఈ దేశంలో కతోలిక వైద్యకళాశాల ఒకటి ఉండాలనేది ఆమె కన్న మరొక కల. కాని దాన్ని చూచే అదృష్టం ఆమెకు కలగలేదు. జబ్బుపడి, 1957 మే 5వ తేదీన బెంగుళూరులో కన్నుమూసినారు. వయస్సు 69. ఆ తరువాత ఆరేండ్లకు, 1963లో, అదే బెంగుళూరు నగరంలో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల వెలిసింది. రాయలసీమ నుండి, కోస్తా నుండి రాత్రిబండి ఎక్కి ఎందరు తెలుగువారు నేడు ఆ ఆసుపత్రికి వస్తున్నారో స్టేషనులో పనిచేసే మాకు తెలుసు. ప్లాట్‌ఫారం మీద దిగి, చేతిలో ఎక్స్‌రే కాగితాల సంచి పట్టుకొని, "జాన్సు ఆసుపత్రికి ఏ బస్సయ్యా?" అని అడుగుతారు. 

2013లో గుంటూరు మేత్రానులు ఆమెను దైవసేవకురాలుగా ప్రకటించినారు. పునీతుల వరుసలో చేర్చే విచారణలో అది మొదటి మెట్టు. అది వారి మతానికి సంబంధించిన వ్యవహారం. మా నాయనమ్మవంటివారు ఏ ప్రకటనకూ ఎదురుచూడలేదు. ఆ ఆసుపత్రి మాట వచ్చినప్పుడల్లా చేతులు రెండూ జోడించేది.

జె.ఎం.జె. సభ నేడు చాలావరకు మన దేశపు ఆడబిడ్డల సభ అయినది. డచ్చి సిస్టర్లు తెచ్చిన పనిని తెలుగు సిస్టర్లు చేతికి తీసుకొన్నారు. గుంటూరు ఆసుపత్రి, నర్సుల విద్యాలయం, తెనాలిలో మహిళా కళాశాల, అనేక ఊళ్ళలో ఆడపిల్లల బడులు వారి నిర్వహణలో పెరిగినవి. ఒకప్పుడు సిస్టర్లను రప్పించుకొన్న తెలుగునేల ఇప్పుడు ఇతర ప్రాంతాలకు సిస్టర్లను పంపుతున్నది. ఆసుపత్రి వరండాలో ఆ ముసలమ్మ చేయిపట్టుకొన్నది అట్టి బిడ్డయే.

మనకు దీనివల్ల ఏమి?

సోదర సోదరీమణులారా, ఉగాది సంచికలో ఈ కథ ఎందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. మనం ఈ కన్నడ దేశానికి వచ్చి రెండు మూడు తరాలైనది. ప్రతి ఉగాదికీ మన సంఘంలో ఒకే మాట వినిపిస్తుంది. మన భాష పోతున్నది, పిల్లలు తెలుగు చదవటంలేదు, మన పండుగలు నిలుపుకోవాలి అని. ఆ మాట నిజమే. నా పిల్లలు కూడా ఇంట్లో కన్నడం కలిపి మాట్లాడుతుంటే నాకూ మనస్సు చివుక్కుమంటుంది. కాని ఈ చరిత్ర చదివిన తరువాత నాకు ఇంకొక ప్రశ్న పుట్టింది. మనం నిలుపుకొన్నది ఏమిటి అని అడుగుతున్నాము సరే, వచ్చిన ఊరికి మనం ఇచ్చినది ఏమిటి?

మేరీ గ్లౌరీ ఇంగ్లీషు మరచిపోలేదు, తన మతం విడువలేదు. అయినా ముప్పై ఏడేండ్లు తెలుగువారి మధ్య ఉండి, తెలుగు నేర్చి, తెలుగు ఆడపిల్లలకు విద్య నేర్పి, తాను లేకపోయినా సాగే పనిని వదలిపోయినారు. పరాయి ఊరిలో మనిషికి వేరు పాతుకొనే మార్గం అదే. సొంత భాషను కాపాడుకోవటం ఒక చేయి, పొరుగువానికి ఉపకారం చేయటం రెండవ చేయి. రెండు చేతులూ కలిస్తేనే నమస్కారం అవుతుంది.

మన సంఘం పెద్దలకు ఒక చిన్న మనవి. ఊరునుండి వైద్యానికి వచ్చే తెలుగువారు, చదువురాని బీదలు, భాష తెలియక ఆసుపత్రులలో తికమకపడుతున్నారు. మందు చీటీ ఏ వేళకో అర్థం కాక తప్పుగా వేసుకొన్నవారిని నేనెరుగుదును. మనలో కన్నడం, తెలుగు రెండూ బాగా వచ్చినవారు చాలామంది ఉన్నారు. విశ్రాంతి తీసుకొన్న ఉద్యోగులు, కాలేజీ పిల్లలు ఉన్నారు. వారానికి ఒక పూట ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళి, ఆసుపత్రివారి అనుమతితో, ఆ రోగులకు మాట సాయం చేస్తే మనకు ఖర్చు ఏమీ లేదు. మన పిల్లలకు తెలుగు మాట్లాడే అవసరమూ కలుగుతుంది. పాఠం చెప్పి నేర్పలేని భాషను ఆ ముసలమ్మలు నేర్పుతారు. తెలుగు రోగికే గాని కన్నడ రోగికి చేయరాదని ఎక్కడా లేదు.

మొదటి పూటకు నా పేరు వ్రాసుకొనవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. వారపు సెలవు రోజు ఉదయం నేను రాగలను. రెండవ పేరు మీలో ఎవరిదైనా కావచ్చు.

ఈ నూతన సంవత్సరంలో ఇంటింటా తల్లీబిడ్డలు చల్లగా ఉండాలని, ఉగాది పచ్చడిలో వేపపూవు వలె చేదు వచ్చినా దానిని సహించి పంచుకొనే శక్తి మనకు కలగాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.